సకుటుంబ సపరివార సమేతముగా

శుభలేఖ వ్రాయు ప్రతి తెలుగు గృహస్థుడును ఒక సాహసము చేయుచున్నాడు. "తాము సకుటుంబ సపరివార సమేతముగా విచ్చేసి" అని అచ్చు వేయించి, నాలుగు మూలల పసుపు పూసి, పది యూళ్ళకు పంపును. ఎందరు వత్తురో ఆయనకు తెలియదు. పిలిచినది ఒక్క పేరు. వచ్చునది ఒక్కరు కావచ్చును, పదుగురు కావచ్చును. అయినను అతిథుల తలలు లెక్కించిన పిమ్మటనే పొయ్యి రాజవేసిన పెండ్లివారిని మేమింతవరకు చూడలేదు.

"ఫంక్షను" అను మాట వినినంతనే మన యిండ్లలోని పెద్దలకు పెండ్లియో, గృహప్రవేశమో స్ఫురించును. కంప్యూటరు విద్య నేర్చిన పిల్లలకు మరియొకటి స్ఫురించును. వారి ఫంక్షను నమ్మకమైన పనివానివంటిది. పేరు పెట్టి పిలిచి, కావలసిన సరుకులు చేతికిచ్చినచో, తనకు నేర్పిన పని చేసి ఫలితము తెచ్చి యిచ్చును. ఆ సరుకులకే వారు ఆర్గ్యుమెంట్లని పేరు పెట్టిరి. సామాన్యముగా ఎన్ని సరుకు లియ్యవలెనో ముందే నిర్ణయింపబడి యుండును. రెండంకెలు కూడు ఫంక్షనుకు రెండే యియ్యవలెను. మూడవది యిచ్చినచో, ప్రోగ్రామును యంత్రభాషలోనికి మార్చు కంపైలరు వాకిటనే నిలిపివేయును.

కాని లోకములో ఎన్నియని ముందుగా చెప్ప వీలుపడని పనులు కొన్ని కలవు. ఒకసారి మూడంకెలు కూడవలసి వచ్చును, ఒకసారి ముప్పది. అట్టి ఫంక్షనును నిర్వచించునప్పుడు సి భాషలో, తెలిసిన ఆర్గ్యుమెంటు పేరు వ్రాసి, దాని పిమ్మట మూడు చుక్కలు పెట్టుదురు. ఆ మూడు చుక్కలే మన "సకుటుంబ సపరివార సమేతముగా". ఆ చుక్కల వలన మా సంఘములో ఒకప్పుడు మా చేతి మీదుగా జరిగిన పొరపాటును చెప్పుటయే యీ వ్యాసమునకు ఉద్దేశము.

సునాబెడవారికి సునాబెడను గూర్చి చెప్పనక్కరలేదు. ఈ సంచిక చేరు దూరపు బంధువుల కొరకు రెండు మాటలు వ్రాయుదుము. ఈ కొరాపుట్ సీమ 1936 ఏప్రిల్ 1వ తేదీ వరకు మద్రాసు రాజధానిలో, విశాఖపట్టణము జిల్లాలో, జయపురము సంస్థానములో నుండెను. ఆనాడు ఒడిస్సా ప్రత్యేక రాష్ట్రమైనది. ఇచ్చట నున్న తెలుగు కుటుంబములు కూర్చున్న చోటు కదలకయే రాష్ట్రము మారినవి. తరువాత 1960లలో మిగ్ విమానముల ఇంజనుల కర్మాగారము ఇచ్చట వెలసినప్పుడు, శ్రీకాకుళము, విజయనగరము, విశాఖపట్టణముల వైపు నుండి సాలూరు ఘాటు రోడ్డెక్కి వచ్చినవారు మరికొందరు. మేము ఈ రెండవ కోవకు చెందినవారము. మా తండ్రిగారి ఉద్యోగపు టుత్తరువులో ఉన్నది ఒక్క పేరు. లారీ దిగినది ఆరుగురము. కనుక ఎందరని చెప్పకయే వచ్చు ఆర్గ్యుమెంట్ల సంగతి మాకు కంప్యూటరు కంటె ముందే తెలియు ననవచ్చును.

మా సంఘమున ఉగాదికి చందాలు వసూలు చేసి, క్వార్టర్ల వరుసలవారీగా కుటుంబముల పేర్లు సభలో చదువుట ఆచారము. పేరు మాత్రమే చదువుదురు, సొమ్ము చదువరు. పెద్దలు పెట్టిన నియమము మరియొకటి కలదు. ఆ యేడు ఇయ్యలేకపోయిన కుటుంబము పేరు చందా పుస్తకము నుండి తీసివేయరాదు. పేరు వ్రాసి, యెదుట సున్న చుట్టవలెను. సభలో ఆ పేరును తక్కినవారి పేర్లతోబాటే చదువవలెను. ఎవరు ఇచ్చిరో, ఎవరు ఇయ్యలేదో కోశాధికారికి తప్ప రెండవవారికి తెలియరాదు. ఇది వ్రాతమూలకమైన నిబంధన కాదు, మర్యాద.

1990లలో, మేము నడివయస్సున సి భాష నేర్చుకొనుచున్న దినములలో, ఆ జాబితాను చేతితో వ్రాయు పద్ధతి మాన్పించి, కంప్యూటరుపై తీయుదుమని ముందుకు వచ్చితిమి. ఒక మిత్రుని యింట యంత్రముండెను. టకటక శబ్దము చేయు డాట్ మ్యాట్రిక్స్ ప్రింటరు నుండెను. క్రొత్తగా నేర్చిన విద్య యెప్పుడు ప్రదర్శింతుమా అని మాకు ఆత్రముండెను. ఆ ఆత్రము వలననే సులభమైన మార్గము విడిచి, మూడు చుక్కల ఫంక్షను వ్రాసితిమి.

ఇట్టి ఫంక్షనుకు వచ్చు మొదటి చిక్కు ఏమనగా, సరుకులు ఎక్కడ ముగిసినవో దానికి తెలియదు. బంతిభోజనములో కన్నులు మూసికొని వడ్డించువానిని ఊహించుకొనుడు. బంతి యెక్కడ ముగియునో వానికి తెలియుటకు మార్గములు మూడు. మొదటిది, "ఈ బంతిలో పదునాలుగు విస్తళ్ళు" అని ముందుగా లెక్క చెప్పుట. రెండవది, బంతి చివర ఏదేని గుర్తు పెట్టి, "అది చేతికి తగిలినచోట ఆగుము" అని చెప్పుట. మూడవది, ఏ విస్తరిలో ఏమి వడ్డింపవలెనో వరుసగా వ్రాసిన పట్టిక నొకటి చేతికిచ్చుట. సి భాష నేర్చువారందరు మొదటి దినముననే వాడు ప్రింట్‌ఎఫ్ అను ఫంక్షను ఈ మూడవ తరగతికి చెందినది. దాని కిచ్చు మొదటి వాక్యములోని శాతపు గుర్తులే ఆ పట్టిక. వెనుక ఎన్ని వచ్చునో, అవి అంకెలో అక్షరములో, ఆ గుర్తులను జూచియే అది గ్రహించును.

మేము రెండవ మార్గము పట్టితిమి. మా ఫంక్షను ముందు వరుస పేరు పుచ్చుకొనును. పిమ్మట ఒక సొమ్ము, ఒక పేరు, మరల ఒక సొమ్ము, ఒక పేరు, ఇట్లు జతలుజతలుగా ఎన్ని యిండ్లున్న అన్ని. చిట్టచివర ఒక సున్న. సొమ్ము స్థానమున సున్న కనబడినంతనే ఫంక్షను ఆగి, కూడిన మొత్తమును అచ్చు వేయును. క్రొత్త కుటుంబము వచ్చినచో నడుమ ఒక జత చేర్చినచో చాలును, లెక్క మార్చనక్కరలేదు గదా యని మురిసితిమి. సున్న చందా కాజాలదు గదా యని కూడ తలచితిమి. మా పెద్దల నియమము ఆ క్షణమున మాకు జ్ఞప్తికి రాలేదు.

నాలుగవ వరుసలో పదునాలుగు ఇండ్లు. అందు మూడవ యింటిలో వయసు చెల్లిన దంపతులు ఉండిరి. ఆమెను ఆ వీధి యంతయు పెద్దమ్మగారనియే పిలుచును. ఏటేట సంఘపు ఉగాది పచ్చడి ఆమె చేతిదే. వేపపూవు ఏరుట మొదలు, క్రొత్త చింతపండు పిసుకుట వరకు ఇంకొకరిని చేయి పెట్టనిచ్చెడివారు కారు. ఆ యేడు పెద్దనాన్నగారి జబ్బునకు విశాఖపట్టణపు ఆసుపత్రుల చుట్టు తిరిగి వారు చితికియుండిరి. చందా కొరకు మేము వెళ్ళినప్పుడు ఆమె గడపలో నిలబడి, "ఈ యేడు లేదు బాబూ. పేరు మాత్రం ఉంచండి" అనిరి. "అదెంత మాట, పెద్దమ్మగారూ" అని పుస్తకములో పేరు వ్రాసి సున్న చుట్టితిమి. ఆ సున్ననే యథాతథముగా ప్రోగ్రాములోనికి ఎక్కించితిమి.

ఉగాదినాడు పంచాంగ శ్రవణమైన పిమ్మట కార్యదర్శిగారు కాగితములు చేతబట్టి చదువసాగిరి. మొదటి మూడు వరుసలు సాఫీగా సాగినవి. నాలుగవ వరుసలో రెండు పేర్లు చదివి, కాగితమున ఉన్నది అంతే గనుక, అయిదవ వరుసకు పోయిరి. సభలో కొంత గుసగుస బయలుదేరెను. మూడవ యిల్లు మొదలు పదునాలుగవ యింటి వరకు పండ్రెండు కుటుంబముల పేర్లు లేవు. ఆ వరుసలోని యువకుడొకడు లేచి, "మా నాన్నగారు ఇచ్చారు కదండీ, రసీదు కూడా ఉంది" అనెను. కార్యదర్శిగారు మావైపు చూచిరి. మేము కాగితమువైపు చూచితిమి. పెద్దమ్మగారు పచ్చడి గిన్నె ప్రక్కన గరిటె ఉంచి, చెంగుతో చేతులు తుడుచుకొని, ఎవరితోను మాటాడక వెళ్ళిపోయిరి.

తక్కిన పదునొకండు కుటుంబములకు కలిగినది కోపము మాత్రమే. రసీదు లున్నవి గనుక ఆ కోపము తీరునది. ఆమెకు కలిగినది వేరు. సొమ్ము చదువని సభలో పేరు చదువకపోవుటయే సొమ్ము ఇయ్యలేదని చాటుట యగును. పెద్దలు ఇన్నేండ్లుగా దేనిని కప్పి యుంచిరో దానిని మేము ఒక్క సున్నతో బట్టబయలు చేసితిమి.

ఆ రాత్రి మిత్రుని యింట యంత్రము ముందు కూర్చుండి కారణము వెదకితిమి. ముందుగా యంత్రమునే అనుమానించితిమి; అది మానవ స్వభావము. కాని యంత్రము మేము చెప్పినదే చేసినది. ఆ కాలపు మా యంత్రములో, ఫంక్షనును పిలుచునప్పుడు సరుకులన్నియు విస్తరాకుల దొంతరవలె ఒకదానిపై నొకటి పేర్చబడును. చివరిది మొదట, మొదటిది చివర పేర్చుదురు గనుక, మొదటి సరుకు పైన నుండును. పేరున్న ఆ మొదటి సరుకును పట్టుకొని, అచ్చటి నుండి ఒక్కొక్క మెట్టు దిగుచు, తక్కినవానిని అందుకొనుటకు సి భాషలో మూడు సాధనములు కలవు. వి.ఏ. స్టార్ట్ అనునది మొదటి మెట్టున నిలుపును. వి.ఏ. ఆర్గ్ అనునది ఒక్కొక్కటి అందించును. వి.ఏ. ఎండ్ అనునది పని ముగించును. వీనిలో ఏ యొక్కటియు "ఇంకను ఉన్నవా?" అను ప్రశ్నకు బదులు చెప్పజాలదు. మా ఫంక్షను మూడవ జత యొద్ద సొమ్ము స్థానమున సున్నను చూచి, బంతి ముగిసినదని తలచి, వెనుదిరిగినది. ఆకలితో కూర్చున్న పండ్రెండు విస్తళ్ళు ముందుకుండగనే వడ్డన ఆగిపోయినది.

కంపైలరు మమ్ము ఏల హెచ్చరింపలేదని అడుగవచ్చును. మూడు చుక్కలు పెట్టినచోట అది తన కావలి తానే మానుకొనును. ఎన్ని వచ్చినను రానిమ్మని మనమే చెప్పితిమి గదా. ఇంకొక సంగతియు బయటపడినది. సొమ్ము పెట్టెలో నున్నదానికంటె కాగితముపై మొత్తము తక్కువ యుండెను. సభకు ముందు రెండింటిని ఒక్కసారి సరిచూచుకొని యున్నచో ఇంత జరిగెడిది కాదు. క్రొత్త విద్య గర్వము పాత కూడిక నుపేక్షించినది.

తెల్లవారగనే పెద్దమ్మగారి యింటికి పోయితిమి. ఆమె కాఫీ యిచ్చి, మేము నోరు తెరువకముందే, "ఇవ్వని వాళ్ళ పేరు చదవరని ముందే తెలిస్తే, ముందు వరసలో కూర్చునేదాన్ని కాదు బాబూ" అనిరి. మేము జరిగినదంతయు చెప్పితిమి. కంప్యూటరు సంగతి ఆమెకు ఎంతవరకు పట్టుబడునో అను సందేహముతో, వడ్డన ఉపమానము చెప్పితిమి. ఆమె కొంతసేపు ఊరకుండి, "అంటే సున్న చూసి అయిపోయిందనుకుంది మీ మిషను" అనిరి. ఔనంటిమి. "అయిపోలేదు బాబూ. ఈ యేటికి లేదు, అంతే" అనిరి.

మేము పుస్తకములలో ఎంత చదివినను, అయిపోవుటకును లేకపోవుటకును గల భేదము ఆనాటివరకు మాకు తెలిసినది కాదు. సున్న ఒక విలువ. ముగింపు ఒక గుర్తు. గుర్తుగా ఎన్నుకొన్నది విలువగా ఎన్నడును రాకూడదు. మన భాష ఈ సూక్ష్మమును ఎప్పుడో ఎరుగును. ద్వంద్వ సమాసమున ఇద్దరిని చేర్చి "రామలక్ష్మణులు" అనవచ్చును. నలుగురిని చేర్చి "రామలక్ష్మణభరతశత్రుఘ్నులు" అనవచ్చును. ఎందరు చేరినను చివర "లు" అను బహువచన ప్రత్యయము వచ్చి సమాసమును ముగించును. ఆ "లు" ఎవరి పేరును కాదు గనుక, నడుమ ఎవరిని చూచియు అది ముగింపని మనము భ్రమపడము. యునిక్స్ వ్యవస్థలో ఒక ప్రోగ్రాము మరియొక ప్రోగ్రామును ఆరంభించుటకు వాడు ఎక్సెక్‌ఎల్ అను ఫంక్షనుకు మాటల జాబితా చివర శూన్య సూచిక నియ్యవలెనను నియమము ఇట్టిదే. ఆ సూచిక ఏ మాటకును చిరునామా కాజాలదు. మేమును రూపాయి తక్కువ సున్నను, అనగా ఋణ ఒకటిని, గుర్తుగా పెట్టుకొనియున్నచో బాగుండెడిది. ఋణ రూపాయి చందా ఎవ్వరు ఇత్తురు?

కాని ఆ దారియు మాకు నచ్చలేదు. చివరకు మొదటి మార్గమే పట్టితిమి. వరుస పేరు వెంట, అందు ఎన్ని ఇండ్లున్నవో ఆ సంఖ్యను ముందుగా నిచ్చునట్లు ఫంక్షనును తిరుగ వ్రాసితిమి. శ్రీరామనవమి నాడు పానకము పంచుటకు ముందు, కార్యదర్శిగారి అనుమతితో మేమే లేచి, తప్పు మాదని చెప్పి, నాలుగవ వరుసను మొదటి నుండి చదివితిమి. పదునాలుగు పేర్లు. పెద్దమ్మగారు ఆనాడు కూర్చున్నది వెనుక వరుసలో. మరుసటి ఉగాదికి మరల ముందు వరుసకు వచ్చిరి.

లెక్క ముందు చెప్పు పద్ధతిలో అపాయము లేదని ఎవ్వరు తలపవలదు. పదునాలుగని చెప్పి పదుమూడు జతలే యిచ్చినచో, ఫంక్షను పదునాలుగవదాని కొరకు దొంతర దాటి చేయి చాపును. అచ్చట పూర్వపు పని వదలిన ఏదో పాత విలువ యుండును. దానినే చందా యని కూడవచ్చును. లేదా ప్రోగ్రామే కూలవచ్చును. ప్రింట్‌ఎఫ్ వంటివాని పట్టికయు అట్లే. పట్టిక అబద్ధమాడినను అది నమ్మును. పరులు వ్రాసిన వాక్యమును పరిశీలింపక పట్టికగా అందించిన ప్రోగ్రాముల ద్వారా దుండగులు యంత్రములలో చొరబడవచ్చునని 2000 ప్రాంతమున లోకమునకు విశదమైనది. ఇప్పటి మంచి కంపైలర్లు పట్టికను, సరుకులను పోల్చి చూచి, పొసగనిచో హెచ్చరించుచున్నవి.

లోకమున ఈ విద్య పెరిగిన క్రమమును క్లుప్తముగా చెప్పుదుము. జాన్ మెకార్తీ 1958లో ఆరంభించిన లిస్ప్ భాషలో జాబితాయే ప్రధానము గనుక, కూడిక వంటి పనులకు ఎన్ని అంకెల నైనను ఇయ్యగలిగిరి. 1970ల ఆరంభమున డెన్నిస్ రిచీ బెల్ ప్రయోగశాలలో రూపొందించిన సి భాషలో, తొలినాళ్ళలో ఆర్గ్యుమెంట్ల సంఖ్యను సరిచూచు కావలియే లేదు. 1989 నాటి అమెరికా ప్రమాణము కావలిని పెట్టి, కావలి వలదన్నచోట మూడు చుక్కలు పెట్టుమని నియమించినది. చుక్కలకు ముందు పేరున్న సరుకు ఒకటైనను ఉండవలెనను నియమమును 2024లో వెలువడిన ప్రమాణము సడలించినది. 1991లో గైడో వాన్ రోసమ్ వెలువరించిన పైథాన్ భాషలో చుక్కలకు బదులు ఒక నక్షత్రపు గుర్తు. జావా భాషకు ఈ సౌకర్యము 2004లో వచ్చినది. ఈ రెండింటిలోను వచ్చిన సరుకు లన్నియు ఒక మూటగా కట్టబడి చేతికి వచ్చును. ఎన్నియున్నవో మూటయే చెప్పును. సున్న యున్నను, సున్నలే యున్నను మూట తెగదు.

సి భాష మర్యాదలలో మాకు మిక్కిలి నచ్చినది ఒకటి కలదు. పని ముగిసిన పిమ్మట దొంతరను తొలగించు భారము మా యంత్రములోని సి పద్ధతిలో పిలిచినవానిదే. ఎందరిని పిలిచెనో పిలిచినవానికే నిశ్చయముగా తెలియును గనుక, విస్తళ్ళు ఎత్తు పనియు వానిదే. ఇది మన యిండ్ల ఆచారమునకు ఎంత దగ్గరగా నున్నదో పాఠకులే చూడవచ్చును. అతిథి చేత ఎంగిలాకు ఎత్తించు గృహస్థుని మనము మెచ్చము.

పెద్దమ్మగారు, పెద్దనాన్నగారు ఇప్పుడు లేరు. కర్మాగారమున మా తరము వారు పదవీ విరమణ చేసి కొందరు విశాఖకు, కొందరు పిల్లల వెంట హైదరాబాదుకు, బెంగుళూరుకు పోయిరి. 2009లో ఏర్పడిన కేంద్రీయ విశ్వవిద్యాలయము ఇచ్చటనే యున్నందున క్రొత్త ముఖములును కనబడుచున్నవి. మా మనుమరాలు పైథాన్‌లో ఒక్క పంక్తిలో మా జాబితాను తీసి చూపినది. మేము పాత కథ చెప్పగా, "తాతగారూ, ఇప్పుడు అలాంటి తప్పు రాదు కదా" అన్నది. భాష వలన రాదు. కాని సంఖ్యలు గల పట్టికను తీయునప్పుడు, సొమ్ము సున్నగా నున్న పంక్తులను "అనవసరము" అని విడిచిపెట్టు అలవాటు ఎల్ల భాషలవారికిని కలదు. ఆమెయు తన మొదటి ప్రయత్నమున అట్లే విడిచినది. మేము చూపగా, నవ్వి సరిదిద్దినది.

ఈ సంచిక చివర ఈ యేటి కుటుంబముల పేర్లు అచ్చు పడినవి. వరుసకు ఎన్ని యిండ్లో ప్రతి వరుస తలపున సంఖ్య వేయించితిమి. పాఠకులు దయయుంచి ఆ సంఖ్యను, క్రింది పేర్లను ఒక్కసారి లెక్కించి చూడవలెనని ప్రార్థించుచున్నాము. ఏ పేరైనను తప్పిపోయినచో మాకు తెలుపుడు. శ్రీరామనవమి ఇంకను రావలసియే యున్నది. పండుగకు ఎప్పటివలెనే, ఎందరని మాకు చెప్పకుండ, సకుటుంబ సపరివార సమేతముగా విచ్చేయుడు.